మత్తు డాక్టరు కోటుకు జేబులు

మనిషి నిప్పును కనిపెట్టాడనీ, చక్రాన్ని కనిపెట్టాడనీ చరిత్రకారులు మురిసిపోతుంటారు గానీ, ఆ రెండింటినీ తలదన్నిన ఘనకార్యం జేబును కనిపెట్టడం. నిప్పు ఇల్లు కాల్చగలదు. చక్రం కాలు తొక్కగలదు. జేబు మాత్రం పుట్టిన నాటి నుంచి ఈనాటి వరకు ఎవరికీ అపకారం తలపెట్టి ఎరగదు. నలుగురిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని అభాగ్యులకు అదే ఆశ్రయం. ఇంతటి దానికి ఏ చక్రవర్తీ ఒక శిలాశాసనమైనా వేయించకపోవడం మానవజాతి కృతఘ్నతకు తిరుగులేని నిదర్శనం.

ఈ సిద్ధాంతానికి కర్త, ప్రచారకుడు, ఏకైక శిష్యుడు కూడా పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా కుట్టుమెషీను వేసుకుని కూర్చునే టైలరు మాస్టారు. ఆ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న వైద్య కళాశాలలో తెల్లకోటు వేసుకున్నవారంటూ ఉంటే, అది ఆయన చేతి మీదుగా రావలసిందే.

ఆ వీధికి ఒక ఆనవాయితీ ఉంది. చదువు ముగించి, ఏడాది పాటు వార్డులన్నింటా తిరిగే హౌస్ సర్జన్లు, ఇక ఏ శాఖలో స్థిరపడాలో తేల్చుకోవలసిన రోజులు ముంచుకురాగానే, కొత్త కోటు కొలతల మిషతో మాస్టారి దగ్గరకు చేరేవారు. ఆయన టేపు మెడలో వేసుకుని, వచ్చినవాడి చుట్టూ ఒకసారి తిరిగి, భుజం కొలిచి, మణికట్టు కొలిచి, కాసేపు కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాడు. "నువ్వు ఎముకల డాక్టరువి." "నువ్వు పిల్లల డాక్టరువి." జేబులు ఆ తీర్పును అనుసరించేవి. నరాలవారికి చిన్న సుత్తి పట్టే పొడుగు జేబు. పిల్లలవారికి గిలక్కాయ దాచుకునే దొంగ జేబు. చర్మంవారికి భూతద్దం గీతలు పడకుండా మెత్తటి అస్తరు వేసిన జేబు. సర్జన్లకు మాత్రం లోపలివైపు, సరిగ్గా గుండె మీద, పైకి కనబడని ఒక జేబు. అందులో ఏం పెట్టుకోవాలని అడిగితే మాస్టారు గంభీరంగా "ధైర్యం" అనేవాడు. ఎక్కువమంది అందులో బస్సు పాసు పెట్టుకునేవారు.

ఆయన జోస్యం ఏనాడూ తప్పలేదని ప్రతీతి. తప్పకపోవడానికి కారణం లేకపోలేదు. పిల్లల డాక్టరవుతాడన్నవాడు చెవుల డాక్టరై తిరిగొస్తే, మాస్టారు దొంగ జేబు కుట్లు విప్పుతూ, "అప్పుడే అనుకున్నాను. గిలక్కాయ మోగితే వినాల్సింది చెవే కదా" అని సెలవిచ్చేవాడు.

ఒక్క శాఖవారు మాత్రం ఆయన దుకాణం మెట్లు ఎక్కేవారు కాదు. ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చే డాక్టర్లు కొత్త కోట్లు కుట్టించుకున్న దాఖలా లేదు. మాస్టారు దీనికి ఒక వివరణ తయారుచేసి పెట్టుకున్నాడు: వాళ్లు సిగ్గరులు.

ఇంతమంది తలరాతలు టేపుతో చదివిన మనిషి, సొంత కూతురి విషయంలో టేపు తీయడం కూడా దండగ అనుకున్నాడు. ఆమె సర్జన్. ఊయలలోనే సర్జన్. నడక రాగానే మెషీను కింద గుడ్డపేలికలు ఏరిన పిల్ల, బడికి వెళ్లే వయసుకు కాజాలు కుట్టింది. ఆమె వేసిన కుట్టుకు వంక పెట్టడం నాయనమ్మకు కూడా చేతనయ్యేది కాదు. మిగతా లోకంలో ఆవిడ వంక పెట్టనిది లేదు. "చర్మం మాత్రం ఏముంది, కాస్త సాగే రకం గుడ్డ" అనేది మాస్టారి శరీరశాస్త్రం. కూతురు హౌస్ సర్జన్ అయిన రోజున ఆయన వచ్చిన ప్రతివాడినీ ఆపి, "ఇప్పటికే సర్జన్ అంటున్నారు. ముందున్న ఆ హౌస్ ఒక్కటి విప్పేస్తే సరిపోతుంది" అన్నాడు, అదేదో చంకలో వేసిన టక్కు కుట్టు అయినట్టు.

అమ్మాయి కూడా మొదట అలాగే అనుకుంది. చేతికి పని వచ్చినప్పుడు మనసును అడగాలని ఎవరికి తోస్తుంది?

థియేటర్లో ఆమెకు ఒక ఉపద్రవం జరిగింది. ఆ రోజు ఆపరేషన్ చేస్తున్నది ఆసుపత్రిలో అందరూ చాటుగా పెద్దకత్తి అని పిలుచుకునే సర్జన్. లోపలి పని ముగించి, పైకుట్లు వేయమని ఆయన అమ్మాయికి సూది అందించాడు. ఆమె వేసింది. కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం చూసి పెద్దకత్తి కనుబొమలు ఎగరేశాడు. అది ఆయన ప్రశంస. చివరి ముడి పడింది. పక్కనున్న నర్సు కత్తెర అందుకునే లోపల, తరతరాల టైలరు రక్తం అమ్మాయి మెడను వంచింది. దారాన్ని పళ్లతో తెంపడానికి ఆమె మాస్కుతో సహా రోగి పొట్ట మీదకు వంగింది.

గదిలో గాలి కూడా ఆగింది. జానెడు దూరంలో ఆమెకు స్పృహ వచ్చింది.

"అమ్మాయీ," అన్నాడు పెద్దకత్తి నెమ్మదిగా, "ఆయన్ని కొరక్కు. మనం డాక్టర్లం."

"సారీ సర్. మా ఇంట్లో దారం..."

"తెలుసు. నా కోటు కుట్టింది మీ నాన్నే. ఇంతకీ నా గుండీలన్నీ ఆయన నోట్లోంచి వచ్చినవేనా?" అని, ఆయన కాసేపు ఆలోచనలో పడ్డాడు. "సరే, చేతులు కడుక్కుని తల దగ్గరకెళ్లి నిలబడు. అక్కడ దారాలుండవు."

తల దగ్గర ఉండేది మత్తు డాక్టరు. ఆవిడను అందరూ నిద్రాదేవి అంటారు. ఆవిడ మాత్రం పని ఉన్నంతసేపు రెప్ప వాల్చగా చూసినవారు లేరు. శిక్షగా వెళ్లిన అమ్మాయి, ఆ తర్వాతి కేసుకు ఎవరూ పంపకుండానే మళ్లీ అక్కడ నిలబడింది.

ఆ కేసు ఒక బస్సు డ్రైవరు. భారీ మనిషి. బల్ల మీద పడుకుని దీపాల వంక చూస్తూ వణుకుతున్నాడు. నిద్రాదేవి తన చేతులు రెండూ గట్టిగా రుద్దుకుని, ఆయన నుదుటి మీద ఒకటి ఆనించింది.

"మీ బస్సు ఎక్కడ బయల్దేరుతుందండీ?"

"డిపోలో."

"తర్వాత?"

"పోస్టాఫీసు. తర్వాత గడియారం వీధి. తర్వాత..."

"నెమ్మదిగా పోనివ్వండి. తొందరేం లేదు."

"చేపల మార్కెట్టు... వంతెన..." వంతెన మీద బస్సు ఆగిపోయింది. అక్కడి నుంచి ఆయన ఊపిరి నిద్రాదేవి చేతిలో ఉంది. పెద్దకత్తి కోశాడు, కుట్టాడు, వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం ఆ గుండె చప్పుడును చెవిలో పెట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు అంతసేపూ మోసింది. పని ముగిసి, మత్తు దిగుతుండగా డ్రైవరు కళ్లు తెరవకుండానే గొణిగాడు: "వంతెన దగ్గర దిగేవాళ్లున్నారా?"

అమ్మాయి నవ్వింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో ఆమెకు అర్థం కాలేదు.

"రేపటికి ఈయనకి మనం గుర్తుండం," అంది నిద్రాదేవి. "అలవాటైపోతుంది."

అలవాటు కావడం కోసమే కాబోలు, అమ్మాయి ఖాళీ దొరికినప్పుడల్లా తల దగ్గరకే వెళ్లింది. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. నాన్న అప్పటికే కోటు కత్తిరించడం మొదలుపెట్టాడు. ఆ గుడ్డ ఆయన ఎవరికీ వాడకుండా బీరువాలో దాచినది. దాన్ని బల్ల మీద పరిచినప్పుడు ఆయన అరచేత్తో రెండుసార్లు నిమరడం ఆమె చూసింది. తన కోరిక చెబితే ఆ చెయ్యి ఏం చేస్తుందోనన్నదే ఆమె భయం.

శాఖ పేరు చెప్పవలసిన ముందు రోజు సాయంత్రం, పెద్దకత్తి స్వయంగా దుకాణానికి వచ్చాడు. పొట్ట పెరిగినందున కోటు కాస్త వదులు చేయించుకోవాలి.

"మీ అమ్మాయి చెయ్యి మంచిది మాస్టారూ. నా శాఖ అడిగితే కళ్లకద్దుకుని తీసుకుంటాను. కాకపోతే కరుస్తుంది," అని ఆ కథ చెప్పాడు.

మాస్టారు విని, టేపు చుట్టి పక్కన పెట్టి, "ఏ వైపు పళ్లతో సార్?" అని అడిగాడు.

"ఎడమ అనుకుంటా."

"నాలాగే," అన్నాడు మాస్టారు. ఆయన ముఖంలో అప్పుడు వెలిగిన కాంతికి సాటి రాగల దీపం ఆ థియేటర్లో కూడా లేదు.

సర్జన్ వెళ్లిపోయాక మాస్టారు సుద్దముక్క తీసి, కోటు లోపలివైపు ధైర్యం జేబుకు గీత గీశాడు. అమ్మ గుండీలు ఏరుతోంది. నాయనమ్మ మూల పీట మీద శాలువా కప్పుకుని కునికిపాట్లు పడుతోంది. అమ్మాయికి ఇక ఆగడం వల్ల కాలేదు.

"నాన్నా, నేను రేపు సర్జరీ అడగడం లేదు."

మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగింది.

"మరేం అడుగుతావు?"

"మత్తు డాక్టర్నవుతాను."

"అంటే సూది పొడిచి పడుకోబెట్టే పనా?" అంది అమ్మ.

"పడుకోబెట్టడమే కాదమ్మా, మళ్లీ లేపాలి. ఆ మధ్యలో పేషెంటు తీసుకోవాల్సిన ఊపిరి కూడా మనమే చూసుకోవాలి."

"పడుకోబెట్టడం మాత్రం తేలికా?" నాయనమ్మ కళ్లు తెరవకుండానే అంది. "చిన్నప్పుడు మీ నాన్నని పడుకోబెట్టడానికి నా నడుం విరిగింది. అప్పుడు నువ్వు ఉండాల్సింది."

మాస్టారు ఆ మాట వినిపించుకోలేదు. "ఆపరేషన్ ఎవరు చేశారంటే జనం సర్జన్ పేరు చెబుతారు. నాకు మత్తిచ్చింది ఫలానా ఆవిడ అని ఎవరైనా చెప్పగా విన్నావా తల్లీ? నీ మొహం కూడా గుర్తుండదు వాళ్లకి."

"గుర్తుండదు నాన్నా. మధ్యలో లేచి నన్ను గుర్తుపట్టారంటే నేను పని చెడగొట్టినట్టే."

"పెద్దకత్తి కళ్లకద్దుకుంటానన్నాడు."

"విన్నాను. ఆయన దగ్గర నా చెయ్యి పనిచేస్తుంది. తల దగ్గర నేను మొత్తం పనిచేస్తాను."

అమ్మ దారం కొరికింది. "మీరు కుట్టిన కోటు వేసుకున్న డాక్టర్ని జనం పొగుడుతారు. కోటు ఎవరు కుట్టారని ఒక్కరన్నా అడిగారా? మీరేమైనా మెషీను అమ్మేశారా?"

 మాస్టారు కోటును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరకు బయటపడ్డ మాట మరొకటి.

"మత్తు డాక్టరు కోటు నేనెప్పుడూ కుట్టలేదమ్మా. ఎలా కుట్టాలో నాకు తెలీదు."

ఊరందరి కూతుళ్ల జేబులూ కొడుకుల జేబులూ తెలిసిన మనిషి, తన కూతురి జేబు దగ్గరకు వచ్చేసరికి చేతకానివాడై కూర్చున్నాడు. ఆమె భయపడినది కోపానికి. ఇది అంతకంటే కష్టంగా ఉంది.

"మీవాళ్లు జేబులో ఏం పెట్టుకుంటారు?"

"ఏమీ లేదు నాన్నా. కావాల్సినవన్నీ పక్కన బల్ల మీదే ఉంటాయి."

"ఏమీ పెట్టుకోని మనిషికి జేబెందుకు?"

అమ్మాయి ఏదో చెప్పబోయి, ఆయన చేతిలోని సుద్దముక్కను చూసి ఆగింది. తర్వాత అంది: "చేతులు. చేతులు పెట్టుకోవాలి. లోపల బాగా చలి. పేషెంటు అసలే భయపడుతుంటాడు. మన చెయ్యి చల్లగా తగిలితే ఉలిక్కిపడతాడు. అందుకని మా మేడం ఎప్పుడూ చేతులు రుద్దుకుంటూ ఉంటారు."

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఈసారి జోస్యానికి కాదు. కళ్లు తెరిచి దుకాణమంతా కలయజూసి, చూపును నాయనమ్మ ఉన్ని శాలువా మీద నిలిపాడు.

"దీని మీద కత్తెర పడిందంటే నీ సంగతి చెప్తాను," అంది నాయనమ్మ.

"నీ మనవరాలి చేతులకే అమ్మా."

నాయనమ్మ శాలువా అంచులు తడిమి చూసింది. "రెండు చివర్లూ ఎలాగూ పోగులొచ్చాయి. తీసుకో. మధ్యలో ముట్టుకోకు."

ఆయన ఆ ఉన్నితో రెండు పక్క జేబులకూ అస్తరు వేశాడు. దారాన్ని ఎడమవైపు పళ్లతో తెంపాడు. సర్జన్ల జేబుకు గీసిన గీత చెరిపేస్తాడేమోనని అమ్మాయి చూస్తుండగా, దాన్ని కూడా కుట్టేశాడు. "ఇది ఉండనీ. బస్సు పాసు పెట్టుకో."

ఆమె మత్తు శాఖ అడిగింది, దొరికింది. మొదటి రోజు ఆ కోటు వేసుకుని, చేతులు రెండూ ఉన్ని జేబుల్లో పెట్టుకుని ఆమె రోడ్డు దాటుతుంటే, మాస్టారు మెషీను ఆపి నిలబడి చూశాడు. "అప్పుడే అనుకున్నాను," అన్నాడు పక్క దుకాణం పండ్లావిడతో. "కరిచేదాని చేతికి కత్తి ఎవరిస్తారు?" సాయంత్రం ఆమె తిరిగి రాగానే ఆయన మొదటి ప్రశ్న ఒకటే.

"చేతులు వెచ్చగా ఉన్నాయా?"

"ఉన్నాయి నాన్నా. పేషెంటు ఉలిక్కిపడలేదు."

ఆ వారంలోనే దుకాణం ముందు పలక మీద కొత్త వాక్యం వెలిసింది: మత్తు డాక్టర్లకు ఉన్ని జేబుల కోట్లు కుట్టబడును. నిద్రాదేవి స్వయంగా ఒకటి కుట్టించుకుంది. శాఖలోని మిగతావారు కూడా ఒకరి వెనక ఒకరు వచ్చారు. సిగ్గు విడిచారని మాస్టారు సంతోషించాడు.

థియేటర్ గుమ్మం పక్కన గోడకు ఒక మేకుల వరుస ఉంది. బయటి కోటు అక్కడే తగిలించి, లోపల ఇచ్చే పచ్చబట్టలు కట్టుకోవాలి. ఈ నియమం అమ్మాయికి హౌస్ సర్జన్‌గా అడుగుపెట్టిన నాటి నుంచీ తెలుసు. పచ్చబట్టలకు జేబులు ఉండవు.