కంపంటావా? హైలెస్సా!

గేటు దగ్గర ముందు డప్పు లాక్కున్నారు. తర్వాత బూరలు, ఈలలు. ఆఖరికి గంగాలమ్మ చంకలోని అల్యూమినియం బేసిన్ మీద కూడా సెక్యూరిటీ వాడి చెయ్యి పడింది.

"సేపలమ్ముకునే బేసినేటి సేసిందిరా నిన్ను?"

"దీన్ని గరిటెతో వాయిస్తారంట కదమ్మా. చప్పుడు చేసే వస్తువేదీ బయటి నుంచి తేకూడదు. తెస్తే మీ టీమ్ అవుట్. గ్రౌండ్ రూల్."

"సేపలు పెట్టుకుందామని తెచ్చానురా."

"చేపలేవి మరి?"

"లోపల ఈదతన్నాయి. ఆటయ్యాక పడతాం."

వెనకున్న జాలరిపేట జనం గొల్లుమన్నారు. బేసిన్ మాత్రం గేటు దగ్గరే ఉండిపోయింది.

ఆ రూల్ పుట్టి రెండు రోజులే అయింది. ఫుట్‌బాల్ సెమీఫైనల్లో జాలరిపేట డప్పుల మోతకి అవతలి గోలీ కంగారుపడి రెండు గోల్స్ వదిలేసింది. మర్నాడే టోర్నమెంటు చైర్మన్ కృష్ణంరాజు ఈ కాగితం గేటుకి అంటించాడు. ఫైనల్లో జాలరిపేట అమ్మాయిలతో ఆడేది బ్లూబే క్లబ్. ఆ క్లబ్ ఓనరూ కృష్ణంరాజే. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకి వెళ్తుంది. ఓడిన జట్టు ఇంటికి.

జాలరిపేట కెప్టెన్ దుర్గ, గంగాలమ్మ కూతురే. మగపిల్లలు ఆటలోకి రానివ్వకపోతే, వాళ్ళ బంతినే సముద్రంలోకి తన్ని, 'ఇప్పుడు ఎవరు ఆడతారో చూద్దాం' అన్న పిల్ల.

మైదానం పక్కన తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ ఉంది. ఇనప గొట్టాలు, వాటి మీద ఇనప రేకులు. ఒక చివర జాలరిపేట, ఇంకో చివర బ్లూబే వాళ్ళు. వాళ్ళ మధ్యలో మనిషెత్తు సౌండు బాక్సులు! వాటి వెనక డీజే బాబీ.

"అది సప్పుడు కాదేటి?" అని నిలదీసింది గంగాలమ్మ.

"అది నిర్వాహకుల ఏర్పాటు" అన్నాడు వలంటీరు.

ఫస్ట్ హాఫ్ అంతా ఆ బాక్సులు చెవులు చిల్లులు పడేలా మోగాయి. జాలరిపేట వాళ్ళు ఎంత అరిచినా ఆ హోరులో ఎవరికీ వినిపించలేదు. గ్యాలరీలో బ్లూబే వైపు కుర్రాళ్ళు ముక్కులు మూసుకుని "చేపల కంపు! చేపల కంపు!" అని పాట కట్టారు. దుర్గ రెండుసార్లు గోల్ ముందు తడబడింది. రెండుసార్లూ గ్యాలరీ వైపు చూసింది. అలల హోరులో, ఇంజన్ల మోతలో, వల లాగేవాళ్ళ కేకల మధ్య ఆట నేర్చుకున్న పిల్లలు. తమవాళ్ళ గొంతులు వినపడక బిత్తరపోయారు. హాఫ్‌టైమ్‌కి బాక్సులు ఆగేసరికి బ్లూబే ఒక గోల్ ముందుంది.

"డప్పు లేపోతే వల్లకాట్లో కూకున్నట్టుందప్పా" అన్నాడు గంగాలమ్మకి తమ్ముడి వరసైన సూరన్న. డప్పు పోగొట్టుకున్న అతని వేళ్ళు మోకాళ్ళ మీద ఆడుతూనే ఉన్నాయి.

గంగాలమ్మ కోపం పట్టలేక మడమతో రేకుని తన్నింది.

ధన్!

ముందు వరసలో వాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూశారు. గంగాలమ్మ కాలి కింద రేకుని చూసింది. సూరన్న ఆమె మొహం చూశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

ఆ చప్పుడు కృష్ణంరాజు చెవినా పడింది. గబగబా వచ్చాడు. "ఇదిగో, ఇంకోసారి కాలు కదిలిందంటే మీ టీమ్‌ని తీసేస్తాను."

"కాళ్ళు కూడా గేటు కాడ వదిలీసి రమ్మన్నావేటి బాబూ?"

"తమాషాగా ఉందా? నేను అన్నానంటే చేస్తాను!"

చేస్తాడని గంగాలమ్మకి తెలుసు. పోయేది తన ఆట కాదు, కూతురి ఆట. మెట్లు దిగి కంచె దగ్గరికెళ్ళింది.

"ఒలే దుర్గా! సప్పుడు సేత్తే మిమ్మల్ని తీసేత్తాడంటన్నాడు. ఏటి సెయ్యమంటావే?"

దుర్గ నోట్లో నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. వెనక్కి తిరిగి తన జట్టుని చూసింది. ఒక్కరూ తల దించలేదు.

"నోరు మూసుకుని ఓడిపోతే సిగ్గు కాదేటమ్మా? తీసెయ్యమను సూద్దాం. తొక్కండి!"

సెకండ్ హాఫ్ విజిల్ పడింది. బాక్సులు మళ్ళీ మోగాయి. గంగాలమ్మ పైవరసలో నిలబడి కొంగు బిగించింది.

"కంపంటావా?"

"హైలెస్సా!" ధన్!

"ముక్కు మూసుకో!"

"హైలెస్సా!" ధన్!

"సంద్రమెవరిది?"

"మనదే!" ధన్! ధన్!

వల లాగే కేక అది. ముసలీ ముతకా అందరి ఒంట్లోనూ ఉన్న తాళం. రెండొందల జతల కాళ్ళు ఒక్కసారే లేచి ఒక్కసారే పడుతున్నాయి. గ్యాలరీ మొత్తం ఒకటే డప్పు అయిపోయింది. సౌండు బాక్సులు వణికాయి. బాబీ వాటిని కౌగిలించుకున్నాడు. ఇంకో నాలుగు దెబ్బలకి ప్లగ్గు ఊడి కిందెక్కడో పడింది. బాక్సులు మూగబోయాయి.

అప్పుడు వినిపించింది దుర్గకి తనవాళ్ళ కేక. కుడివైపు నుంచి దూసుకెళ్ళి స్కోరు సమం చేసింది.

కృష్ణంరాజు రిఫరీ అనూరాధ మీదికి పరిగెత్తాడు. "మేడమ్, ఆట ఆపండి! వాళ్ళని తీసేయండి!"

ఆమె ఆ కాగితం తెప్పించుకుని చదివింది. "బయటి నుంచి తెచ్చిన వస్తువులని రాశారు మీరు. గ్యాలరీ మీరు కట్టించిందే కదండీ?"

ఆట సాగింది. ఇంకో నిమిషంలో అయిపోతుంది. ఒకటి-ఒకటి. తొక్కుడు ఆగలేదు. దుర్గ కాళ్ళ దగ్గరికి బంతి వచ్చింది. ముందు ఇద్దరు డిఫెండర్లు, వెనక గోలీ.

అంతలో గంగాలమ్మ పొరపాటు చేసింది. కుడిచెయ్యి పైకెత్తేసింది.

వల ఒడ్డుకి చేరేటప్పుడు చేపలున్న సంచి అలల్లోకి వస్తుంది. అప్పుడు పెద్దావిడ చెయ్యెత్తుతుంది. అందరూ నోరు మూస్తారు. అరిస్తే చేప బెదిరి వల దూకేస్తుంది. ఆ నిశ్శబ్దంలోనే ఒకే ఊపులో లాగాలి; చెయ్యి దిగాకే కేక. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి ఎత్తుతున్నది గంగాలమ్మే. ఇప్పుడూ తనకి తెలియకుండానే లేచింది.

ఎత్తిన కాళ్ళన్నీ గాల్లోనే ఆగిపోయాయి. మైదానమంతా నిశ్శబ్దం.

"అప్పా, ఏటి సేసీసేవ్?" సూరన్న గుసగుసలాడాడు.

అంత మోత ఠక్కున ఆగేసరికి, రిఫరీ విజిల్ వేసిందనుకుని డిఫెండర్లిద్దరూ ఆగి ఆమె వైపు తిరిగారు. గోలీ తలెత్తి చూసింది.

దుర్గ ఆగలేదు. పసితనం నుంచీ వల తాడు పట్టిన పిల్ల. ఆ నిశ్శబ్దానికి అర్థం ఆమెకి ఒక్కటే: లాగు!

లాగి తన్నింది. వల వెనక్కి ఉబ్బింది.

గంగాలమ్మ చెయ్యి దిగింది. గ్యాలరీ ఎగిరిపడింది.

"చీటింగ్!" కృష్ణంరాజు గొంతు చిరిగేలా అరిచాడు. "కావాలని ఒక్కసారిగా చప్పుడు ఆపేశారు!"

అనూరాధ అతన్ని తేరిపార చూసింది. "చప్పుడు చేస్తే తీసేయమన్నారు. ఆపినా తీసేయమంటారా? నేను విజిల్ వేయలేదు. గోల్ గోలే."

అసలు విజిల్ ఆ తర్వాత పడింది. జాలరిపేట రెండు, బ్లూబే ఒకటి.

బహుమతి వేదిక మీద కప్పు ఇవ్వాల్సింది కృష్ణంరాజే. ఇచ్చేముందు మైకు అందుకున్నాడు. "క్రీడల్లో ముఖ్యంగా కావలసింది క్రమశిక్షణ. ప్రేక్షకులకి కూడా..."

గ్యాలరీ పైవరసలో గంగాలమ్మ చెయ్యెత్తింది. ఈసారి పొరపాటున కాదు. అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తన మాట వింటున్నారనుకుని కృష్ణంరాజు కాస్త నిటారుగా నిలబడ్డాడు.

కప్పు అందుకోవడానికి చేతులు చాచిన దుర్గ తల్లిని చూసి నవ్వింది.

చెయ్యి దిగింది.