ముగింపు ప్రార్థనలో పన్నెండో పేజీ

పెనుకొండ జయప్రకాష్ సారుకు షుగరు లేదు, బీపీ లేదు. ఉన్నదల్లా చరిత్ర పిచ్చి. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయినా అది వదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోని నానా సంఘాల క్రైస్తవులు, లోకమంతా సువార్త చెప్పే పనికోసం ఒకే బల్ల దగ్గర కూర్చునేదాకా ఎలా వచ్చారో మూడేళ్ళు తంటాలుపడి పదహారు పేజీలు రాశాడు. భార్య వరలక్ష్మి చింతపండులో గింజలు తీస్తూ నాలుగుసార్లు విన్నది. నాలుగోసారి అయ్యాక ఉన్నమాట అనేసింది.

"ఇది నేను వినాలనీ కాదు, లోకం వినాలనీ కాదు. ఆ హిందూపురం ఆయప్ప వినాలని రాసినావు."

సారు విసురుగా లేచి పెరట్లోకి పోయాడు. మాట నిజం కాబట్టే అంత కోపం.

హిందూపురం ఆయప్ప అంటే పాస్టర్ దేవదానం. ఇద్దరూ ఒకే హాస్టల్లో ఒకే చాప మీద పడుకుని చదువుకున్నారు. సారు ఏ ముక్క రాసినా మొదట దేవదానానికే చదివి వినిపించేవాడు. ఆయన బాగుందంటే బాగున్నట్టు. అలాంటి స్నేహం బల్ల మీది ఇత్తడి గంట దగ్గర తెగింది. పదకొండేళ్ళ కిందట పెనుకొండలో మూడు ఊళ్ళ సంఘాలు కలిసి సభలు పెట్టాయి. అధ్యక్షుడు జయప్రకాష్ సారు. దేవదానం ప్రసంగానికి ఇచ్చింది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలకు ఆయన నోవహు ఓడలోకి ఏనుగులను కూడా ఎక్కించలేకపోయాడు. సారు బడి అలవాటుకొద్దీ గంట కొట్టాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. జనం నవ్వారు. దేవదానం బైబిలు మూసి, వేదిక దిగి, అన్నం కూడా తినకుండా హిందూపురం బస్సెక్కాడు. మూడు ఊళ్ళ ఐక్యత కూడా అదే బస్సులో వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. కానీ పెళ్ళిళ్ళలో, సమాధుల దగ్గర ఎదురుపడక తప్పేది కాదు. ఎదురుపడితే ఆ ఇంటివాళ్ళకు ఇద్దరికీ చెరొక ప్రార్థన అప్పగించకా తప్పేది కాదు. కాబట్టి చెప్పుకోవలసినవన్నీ దేవుడితో చెప్పి పంపుకునేవారు. ఒక పెళ్ళిలో దేవదానం కళ్ళు మూసుకుని, ఈ జంటకు ఓర్పు దయచేయమనీ, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు గంట కొట్టే బుద్ధి వీళ్ళకు రానివ్వొద్దనీ వేడుకున్నాడు. భోజనాల ముందు ప్రార్థన సారుది. అన్నం చల్లారకముందే ముగించే సేవకులను ఈ అంత్యదినాలలో లేపమని ఆయన అడిగాడు. జనం ఇద్దరికీ ఆమేన్ చెప్పి తృప్తిగా తినిపోయారు.

ఇలా ఉండగా ఒక కబురొచ్చింది. ఏదో ప్రపంచ సువార్త సహకార సంస్థవారట, కొరియా, కెన్యా, నార్వేల నుంచి నలుగురు పెద్దలు ధర్మవరం వస్తున్నారట. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘాలు ఎంత చక్కగా కలిసి పనిచేస్తున్నాయో కళ్ళారా చూసిపోతారట. అలా కలిసి పనిచేస్తున్నామని ఉత్తరం రాసినవాళ్ళెవరో గానీ, వాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి. పదకొండేళ్ళుగా లేని ఐక్యతను పదిరోజుల్లో నిలబెట్టాలి కదా! ఆదరాబాదరాగా కమిటీ వేశారు. హిందూపురానికి అధ్యక్షత, పెనుకొండకు చరిత్ర పేపరు, ధర్మవరానికి భోజనాలు. మిగిలినవాళ్ళు అలగకుండా తలా ఒక ప్రార్థనో పాటో శాలువానో. కార్యక్రమం ఇరవైమూడు అంశాలైంది. సారు పేపరు ఇరవైరెండోది. దాని ప్రతి ఒకటి అధ్యక్షుడైన దేవదానానికి ముందుగా పంపాలన్నారు. సారు పంపాడు. వారమైనా దేవదానం నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఈయన పొద్దస్తమానం ఫోను చూసుకోవడం వరలక్ష్మి చూస్తూనే ఉంది.

సభ రోజు ధర్మవరం కల్యాణమండపం కిటకిటలాడింది. పది గంటలకు మొదలైన శాలువాలు పన్నెండుకు గానీ అయిపోలేదు. కొరియా పెద్దాయన మూడు పట్టు శాలువాల కింద చెమటతో తడిసిపోయాడు. ఒంటిగంటకు ఇరవయ్యో అంశం. బిర్యానీ వండిన ఇంతియాజ్ గరిటె పట్టుకుని వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. దేవదానం గడియారం చూశాడు, ఇంతియాజ్‌ను చూశాడు, సారు వైపు మాత్రం చూడలేదు. సమయం మించిపోయింది గనుక జయప్రకాష్ సారు పేపరును జిరాక్సు తీసి అందరికీ పంచుతామనీ, ఇప్పుడు సారు ముగింపు ప్రార్థన చేస్తారనీ ప్రకటించాడు.

మూడేళ్ళ కష్టం! జిరాక్సు ఎవడు చదువుతాడు, బిర్యానీ కింద పరుచుకుంటారు గానీ. సారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళజోడు తీశాడు. ప్రార్థన చేసుకుందాం అన్నాడు. ఐదువందల మంది కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, నీకు తెలియనిది ఏమున్నది? వెయ్యిన్ని ఎనిమిదివందల నలభైయారులో లండన్ పట్టణమందు నానా సంఘముల నీ బిడ్డలు కూడుకొనిన సంగతి నీవెరుగుదువు."

నార్వే ఆయన ఒక కన్ను తెరిచాడు. దేవదానం చెయ్యి అధ్యక్షుడి గంట మీదికి పోయింది, అక్కడే ఆగింది. ప్రార్థనకు గంట కొట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. సారుకు ఆ సంగతి తెలుసు. తీరుబడిగా 1910కి వచ్చాడు. ఎడిన్‌బరో మహాసభలో వెయ్యిమందికి పైగా తెల్లదొరల మధ్య మనవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉన్నారని దేవుడికి గుర్తుచేశాడు. అందులో మన డోర్నకల్‌లో సేవచేసే ఒకాయన లేచి, మీరు ఎన్నో ఇచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండని దొరల మొహం మీదే అడిగాడని చెప్పాడు.

తర్వాతి వాక్యం నోటికి వచ్చు, కానీ దాన్ని పక్కనపెట్టి సొంత మాట ఎత్తుకున్నాడు. దాంతో గ్రాంథికం కూడా పోయింది.

"ప్రభువా, నాకూ ఒకడుండె. మూడుసార్లు గంట కొట్టి నేనే పోగొట్టుకుంటి. తప్పు నాదే. ఇంక చాలు, ముగిస్తాండా."

ఆమేన్ అనడానికి నోరు తెరిచాడు. అంతలో పక్క మైకులోంచి దేవదానం గొంతు వినిపించింది.

"ప్రభువా, ఇంకా సగం ఉండాది. పన్నెండో పేజీలో నూరుకు పైన దేశాలోళ్ళు కూడిన లోసాన్ సభ ఉండాది. అది శానా బాగా రాసినాడు, నేను రెండుసార్లు చదివినా. ఆపొద్దని చెప్పు."

కెన్యా పెద్దాయన మనస్ఫూర్తిగా ఆమేన్ అన్నాడు. ఇంతియాజ్ నిట్టూర్చి, బిర్యానీ డేగిశా మీద మూత మళ్ళీ పెట్టడానికి వెనక్కి పోయాడు.

పన్నెండో పేజీ చూడకుండా చెప్పేంత బాగా సారుకు నోటికి రాదు. జేబులోంచి కాగితాలు తీసి, తడిసిన కళ్ళు తుడుచుకుని, జోడు పెట్టుకున్నాడు. పక్కన దేవదానం గంటను బల్ల కింద పెడుతూ కనిపించాడు. మండపంలో అందరూ తలలు వంచి కళ్ళు మూసుకునే ఉన్నారు. వాళ్ళిద్దరే ఒకరినొకరు చూసుకున్నారు.