గంజి పెట్టిన చెయ్యి

భార్య బుచ్చమ్మ తన చొక్కా గుండీలు పెడుతుంటే సదాశివ చంటిపిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. మెడ సన్నబడి కాలరు వదులైంది, పొట్ట మాత్రం బెల్టు మీదికి వచ్చింది. కళ్లలో పసుపు ఇంకా తగ్గలేదు. గుండీలు తనే పెట్టుకోగలడు గానీ ఆలస్యమవుతోందని ఆమె ఆ పని లాక్కుంది. గ్లాసులో కలిపిన తెల్లటి పొడి తాగి మొహం చిట్లించాడు.

"జెర మంచిగ కలపరాదు?"

"మందు మందులెక్కనే ఉంటది. తాగు."

ఆ పొడి డాక్టర్ కల్పలత నెల కిందట రాసింది. ఎప్పుడో ప్రమాదంలో ఎక్కించిన రక్తంతో ఒంట్లో చేరిన జబ్బు అతని లివరును తినేసింది. చుక్క ముట్టని మనిషి. అయినా లివరు అనగానే లోకం సీసా కోసం వెతుకుతుంది. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు, "బండ్లను ఆపినట్టు చెయ్యి చాపండి" అంది. చిలకలగూడ కూడలిలో జీవితమంతా బండ్లను ఆపిన ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యి చాపాడు. అది మణికట్టు దగ్గర పడిపోయింది, లేచింది, మళ్లీ పడింది. ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టుగా ఉంది.

"లివరు ఆపలేని విషం తలకెక్కుతోంది" అంది కల్పలత. "విరేచనం మందు మానొద్దు. పథ్యమని పప్పూ గుడ్డూ మానేశారట, అవి తినండి. ఈ పొడిలో అమైనో ఆమ్లాలుంటాయి. మత్తు, వణుకు కొందరికి తగ్గాయి, అందరికీ కాదు. ఆయుష్షు పెంచుతుందని గట్టి రుజువు లేదు. చెయ్యి నిలిచేదాకా డ్యూటీకి పోవద్దు. నెల తర్వాత వచ్చి ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి. మీలాంటివాళ్లు చెప్పేదే మాకు ఆధారం."

కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాడు. అది కూర్చోవడం కాదు, గోడకు చేరగిలబడటం. తన కూడలిలో ఒక్క ప్రాణం పోలేదన్నదే అతని ఆస్తి. ఒకరోజు యూనిఫారం వేసుకుని, గ్లౌజులు తొడుక్కుని, అద్దం ముందు చెయ్యి చాపాడు. నిలబడింది. మర్నాడే డ్యూటీకి పోయాడు. ఇక రేపే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పొడి పనిచేసిందని ఆమెకు ఎలా చెప్పాలా అని మాటలు కూడబెట్టుకుంటున్నాడు.

ఖాళీ అయిన పొడి డబ్బాల మీద ఆరేసిన గ్లౌజులను బుచ్చమ్మ తీసి ఇచ్చింది. మోచేతి దాకా వచ్చేవి, అట్టలా బిగిశాయి.

"గంజి ఎక్కువైంది."

"ఎక్కువైతే ఏమైతది?" ఆమె కిటికీలోంచి ఆకాశం చూసింది. "మబ్బు వట్టింది. ఇయ్యాల సెలవు వెట్టరాదు."

"చెయ్యి నిలవడుతుంటే సెలవెందుకు?"

బుచ్చమ్మ రెండో జతను గంజిలో ముంచింది.

కూడలికి వచ్చేసరికి ఎంఎంటీఎస్ రైలు దిగిన జనం రోడ్డు మీద పడ్డారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల బస్సులు, క్యాబులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇవి వచ్చాక ఊళ్లో ఎవరికీ ఆగడం చేతకావడం లేదు. సదాశివ ఆపాడు, వదిలాడు, మళ్లీ ఆపాడు. అంతలో వాన దిగింది. నీళ్లు భుజం మీంచి జారి గ్లౌజులోకి పోయాయి. వేళ్ల మధ్య జిగురుగా తగిలింది.

పూలగంప ఎత్తుకుని ఒకామె రోడ్డు దాటుతోంది. ఎదురుగా కంపెనీ బస్సు. సదాశివ చెయ్యి చాపాడు. మణికట్టు వాలింది, లేచింది, వాలింది. బస్సు కదిలింది. ఈల ఊదుదామంటే ఊపిరి అందలేదు. పక్కనున్న హోంగార్డు యుగంధర్ ఆమెను చీర పట్టుకుని లాగాడు. గంప చక్రం కింద నలిగింది. కనకాంబరాలు నీళ్లలో తేలాయి.

డ్రైవరు దిగాడు. వాడి మొహంలో రక్తం లేదు. "నువ్వే గద సార్ రమ్మన్నది."

సదాశివ తన చేతిని చూసుకున్నాడు. తడిసిన గ్లౌజు నుంచి తెల్లటి గంజి కారుతోంది. ఇన్నాళ్లూ చేతిని నిలబెట్టింది ఏదో అప్పుడు అర్థమైంది. మెడలోని ఈల తీసి యుగంధర్ చేతిలో పెట్టాడు.

"ఇగ ఈడ నువ్వు నిలవడు."

ఇంటికి రాగానే తడి గ్లౌజులు బుచ్చమ్మ ముందు పెట్టాడు. "ఎన్నిసార్లు వెట్టినవే గంజి?"

ఆమె తల దించుకుంది. "ఇంట్ల కూసుంటే సగం సచ్చినట్టుంటివి. గట్టిగుంటే చెయ్యి పడదనుకున్న."

"ఒకామె పాణం పోతుండె."

అతనికి ఆమె మీద కోపం రాలేదు. తన మీద తనకే సిగ్గేసింది. మంచం మీద ఒరిగి కళ్లు మూసుకున్నాడు. "రేపు మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాలె. నా చెయ్యి నిలవడ్డదంటే ఆమె ఇంకోనికి గా పొడే నమ్మకంగ రాస్తది. మర్చిపోకు" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

దీపాలు పెట్టే వేళ లేపితే లేవలేదు. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి బుచ్చమ్మ ఒళ్లోని తల బరువెక్కింది. కల్పలత నాడి చూసి దుప్పటి మొహం మీదికి లాగింది.

"రేపు నీ దగ్గరికి వస్తుండె" అంది బుచ్చమ్మ. "చెప్పమన్నడు. ఆయన చెయ్యి నిలబెట్టింది పొడి గాదమ్మా. నా గంజి."

కల్పలత ఆమె పక్కన కూర్చుంది.

ఇంట్లో కిటికీ పక్కన, ఖాళీ పొడి డబ్బా మీద రేపటి గ్లౌజు ఆరి బిగిసింది. ఐదు వేళ్లూ విప్పుకుని, మణికట్టు దగ్గర ఎక్కడా వంగకుండా, ఎవరినో ఆగమన్నట్టు నిలబడి ఉంది.