పావురాల గోమార్లు

ధర్మవరంలో కొండప్ప మగ్గానికి సరిగ్గా పైన, దూలం మీద పావురాలు గూడు పెట్టాయి. గూట్లోంచి రాలే గోమార్లు వీపంతా కుడుతుంటే చీర ముందుకు సాగడం లేదు.

“ఏమే, గూడు పీకేస్తా. ఒక్కో గోమారి చింతగింజంత ఉండాది. నెత్తురంతా తాగేస్తాండాయి!”

“మొన్న ఎలుక ఎద్దును ఈడ్చుకుపోయిందన్నోడివి కదా నువ్వు!” భార్య జయమ్మ నవ్వింది. “ఆడ గుడ్లుండాయి. ముట్టుకోవద్దు.”

“అట్లయితే నువ్వే కూచో.”

జయమ్మ మగ్గం గుంతలో దిగి జానెడు కూడా నేయకముందే మెడ గోక్కుంటూ పైకి లేచింది.

“అమ్మో, కొబ్బరికాయంత ఉండాదిరా దేవుడా!”

“నేను చింతగింజ కాడ ఆగినా, నువ్వు కొబ్బరికాయకు పోతివే!”

గూడును గుడ్లతో సహా ఇంటి ముందు పంచలోకి మార్చేటప్పుడు నిచ్చెన పట్టుకున్నది జయమ్మే.