చౌడేశ్వరమ్మ అతుకు

పాత పోగు కొస ఒకటి, కొత్త పోగు కొస ఒకటి. రెండూ కలిపి, కొబ్బరి చిప్పలోని బూడిద అద్ది, రెండు వేళ్ళ మధ్య ఒక్క మెలి. అతుకు పడింది. చౌడేశ్వరమ్మ తరువాతి పోగు అందుకుంది. మోకాలు ముడవనివ్వదు కాబట్టి ఒక కాలు చాపుకుని కూర్చుంది. కాడ విరిగిన కళ్ళజోడును దారంతో చెవికి కట్టుకుంది.

"సాయంత్రానికి మగ్గం ఆడకపోతే రేపు విప్పించేస్తా అత్తా. ముందే చెప్తున్నా," అన్నాడు మేనల్లుడు ఉమామహేశ్, బైకు తాళం తిప్పుతూ. మగ్గం ఉన్నచోట బండి పెట్టుకోవాలని వాడి పట్టు.

"విప్పుదువుగాన్లే. ముందు వెలుతురుకి అడ్డం లే," అందావిడ.

మగ్గం ఆవిడ తమ్ముడు సాంబమూర్తిది. నిరుడు అతను పోయాక, దాని మీద మిగిలిన పోగులు కోసేయమని అందరూ అన్నారు. ఆవిడ కోయనిస్తేనా! దువ్వెన పళ్ళలాంటి అచ్చులో నిలిచిన ఆ పాత కొసలకు అతికితేనే కొత్త పడుగు ముందుకు వస్తుంది. అవి పోతే ప్రతి పోగూ మళ్ళీ మొదటినుంచి దూర్చాలి. అందుకే ఎలుకలను అదిలిస్తూ, దుమ్ము దులుపుతూ కాపాడింది. ఎవరికోసమో అప్పట్లో ఆవిడకే తెలియదు. మొన్న ఉమామహేశ్ అక్క మల్లీశ్వరి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ఉద్యోగం మానేసి, నాన్న మగ్గం మీద నేనే కూర్చుంటానని వచ్చింది.

పని సగమైనా కాలేదు, వీధిలో కేక. "అమ్మో, చినుకులు!" పక్కింటి రాజ్యశ్రీ గంజి పెట్టిన పడుగును వీధి పొడవునా ఆరగట్టింది. చౌడేశ్వరమ్మ లేచింది.

"అత్తా, ఇవాళొక్క రోజు మన పని చూసుకోకూడదూ! వాళ్ళకి మనుషులే లేరా?" మల్లీశ్వరికి ఏడుపొక్కటే తక్కువ.

"తడిస్తే గంజంతా కారిపోద్దే. మనది ఇంట్లోనే ఉందిగా."

అదీ ఆవిడ సంగతి. చిన్నతనంలోనే భర్త పోయి పెడనలో ఈ వీధికి తిరిగొచ్చింది మొదలు, ఎవరింట్లో కాన్పయినా, జ్వరమైనా, పడుగు తెగినా ఆవిడే. పిలవక్కర్లేదు, గోడ మీదుగా తొంగిచూస్తే చాలు. ఆవిడకు తిరిగి సాయం చేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నోరు తెరిచి అడిగితేగా!

తడిసి ముద్దయి వచ్చి మళ్ళీ కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. మెలి నిలవక ఒక్కో పోగూ రెండేసి సార్లు అతుకుతోంది. ఇంకా మూరెడు వెడల్పున పడుగు మిగిలే ఉంది.

అప్పుడు రాజ్యశ్రీ వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుని, మగ్గం అవతలి వైపు చతికిలబడింది. "పిన్నీ, నేనిటునించి వస్తా."

చౌడేశ్వరమ్మ బిత్తరపోయింది. "నీకు వంటో..."

"మా ఆయన వండుకుంటాడు. నువ్వూరుకో."

ఆమె వెనకే ఎదురింటావిడ, ఆమె వెనకే ఇంకొకావిడ. బూడిద చిప్ప చేతులు మారింది. రెండువైపుల అతుకులూ మధ్యలో కలిశాయి. వాన వెలిశాక వచ్చిన ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది.

మల్లీశ్వరి మగ్గం కింది గుంటలోకి దిగి పావడి తొక్కి, నాడె విసిరింది. టక్, టక్, టకటకా! తండ్రి చివరి పోగులు కొత్త పడుగును లాక్కుంటూ కదిలాయి. ఒక్కటంటే ఒక్క పోగు తెగలేదు.

ఉమామహేశ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "సర్లే అత్తా, బండి వీధిలోనే ఉంటుంది."

"వానకి తడవదట్రా?" అంది రాజ్యశ్రీ. అందరూ గొల్లున నవ్వారు. చౌడేశ్వరమ్మ అయితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. జన్మలో అంత సంతోషం ఎరగదు.

నవ్వు ఆగి, మిగతావాళ్ళు ఇళ్ళకు కదిలాక ఆవిడ గోడకు జారబడింది. "కాస్త మజ్జిగ ఇస్తావే రాజ్యం? మల్లీ, ఆపకే. అతుకు అచ్చు దాటిందాకా ఆపకు."

రాజ్యశ్రీ గ్లాసుతో తిరిగివచ్చేసరికి ఆవిడ తల ఒక పక్కకు ఒరిగింది. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, రాజ్యశ్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మగ్గం వైపు చూసింది. అతుకుల వరుస అచ్చుకు జానెడు దూరంలో ఉంది.

మల్లిని పిలవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాడె అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అతుకులన్నీ అచ్చు దాటి గుడ్డలో కలిసిపోయాకే, "మల్లీ" అంది.

మగ్గం పక్కన కొబ్బరి చిప్పలో కాస్త బూడిద మిగిలింది, ఎందరి వేళ్ళో దిగిన గుంటలతో.