అరచేతిలో ఎర్ర సుద్ద

ఓబులేసును ఎక్కించుకున్న ఆటో మలుపు తిరిగింది. గోపీనాథ్ కుడి అరచేతిని ప్యాంటుకు రుద్దుకున్నాడు. ఎర్ర సుద్దపొడి పోలేదు.

కర్నూలులో అతను జిమ్ పెట్టి ఆరేళ్లయింది. మొదటి ఐదేళ్లూ ఒకటే గోల. చేరినవాళ్లు నడుమో మోకాలో పట్టేసి రెండో నెలకే మానేసేవాళ్లు. పోయిన ఏడాది కోడుమూరు నుంచి శివలీల అప్రెంటిస్‌గా చేరింది. ఇరవై మూడేళ్ల పిల్ల. వచ్చిన వారానికే గుమ్మం పక్కన నల్లబోర్డు తగిలించింది. వచ్చిన ప్రతి ఒక్కరినీ "ఒళ్లెట్లుండాది?" అని అడిగేది. నొప్పి అన్నవాళ్ల పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టేది. ఆ రోజు వాళ్లకు బరువులు లేవు.

"ఇది జిమ్మా, ఆసుపత్రా?" అని గోపీనాథ్ ఎగతాళి చేశాడు. కానీ మానేసేవాళ్లు తగ్గారు. ఆడవాళ్ల బ్యాచ్ కొత్తగా మొదలైంది. పేరున్న ట్రైనర్లు తేలేని నమ్మకాన్ని పని నేర్చుకోవడానికొచ్చిన పిల్ల తెచ్చింది.

ఈ పొద్దున నడుము నొప్పన్న ఓబులేసు పేరు పక్కన గుర్తు పెట్టి ఆమె మేడమీది బ్యాచ్‌కు వెళ్లింది. ఓబులేసు బట్టలు మార్చుకుంటున్నాడు. సిమెంటు వ్యాపారి, పెద్దమనిషి. బరువులొద్దంటే అలుగుతాడు, అలిగితే వెంట వచ్చే పదిమందీ పోతారు. గోపీనాథ్ అరచేత్తో గుర్తు తుడిచేశాడు.

ఓబులేసు వచ్చి బోర్డు చూశాడు, తన పేరు పక్కన గుర్తు లేదు. "ఆ పిల్లే ఏం కాదనింది గదప్పా!" అంటూ బరువుల బార్ ఎత్తాడు. మూడోసారికి కుప్పకూలాడు.

గంటకు ఆయన కూతురు యామిని ఫోన్ చేసింది. "నాయన నెల దినాలు మంచం దిగకూడదంట. నొప్పి ఉండాదని చెప్పినా ఆ పిల్ల గుర్తు ఎందుకు పెట్టలేదన్నా?"

"నేర్చుకునే పిల్ల గదమ్మా. మరిసిపోయినట్టుండాది." మాట దానంతటదే జారింది.

"అట్లయితే పంపించెయ్."

ఫోన్ పెట్టేసి తిరిగితే మెట్ల మీద శివలీల. ఇంకో ఇరవై రోజులుంటే ఏడాది పూర్తయి ట్రైనర్ పరీక్ష రాస్తుంది. ఇప్పుడు పంపిస్తే ఏడాదంతా వృథా.

ఆమె బోర్డు వైపే చూస్తోంది. "గుర్తు పెట్టినట్టే గ్యాపకం సార్... శానా మంది వచ్చిరి. పెట్టలేదేమో. నా తప్పే అయ్యుంటాది. పెద్దాయన కాళ్లు పట్టుకుంటా."

గోపీనాథ్ నోరు మూసుకుంటే చాలు, గండం గడిచిపోతుంది. అతను చెయ్యి చాపి అరచేయి తెరిచాడు.

శివలీల ఆ ఎరుపును చాలాసేపు చూసింది. తిట్టినా బాగుండేది.

అతను యామినికి తిరిగి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతల ఫోన్ ఓబులేసు లాక్కున్నాడు.

"ఏమప్పా గోపీ! నేను అలుగుతానని నా నడుము ఇరగ్గొడితివా? ఆ పిల్లను కదిలిస్తివంటే చూడు. నేను లేసినాక ఆమె చెప్తేనే బార్ ముడతా. నువ్వు నా దాపుకు రావద్దు."

శివలీల ఓబులేసు పేరు పక్కన గుర్తు మళ్లీ పెట్టింది. తర్వాత "ఇంక గుర్తు పెట్టేదీ తుడిచేదీ నేనే సార్" అంటూ సుద్దముక్కలన్నీ ఏరి తన సంచిలో వేసుకుంది. బోర్డు తుడిచే గుడ్డ కూడా.