ఆరు పడని పాచిక

నేను ఒక పాచికను. విరిగిన నులకమంచం కోడులోంచి పుట్టాను కాబట్టి గొప్ప వంశమని చెప్పుకోలేను. నన్ను చేసినవాడు జనపనార మిల్లులో పనిచేసి దిగిపోయిన సన్యాసిరావు. చేయించింది మాత్రం అతని బావ గురునాయుడి పంతం.

బావా బావమరుదులు రోజూ మధ్యాహ్నం అరుగు మీద లూడో ఆడేవారు. నీటికాసులు వచ్చి గురునాయుడి చూపు పోయాక, ఏం పడిందో సన్యాసే చెప్పాల్సి వచ్చింది. విచిత్రంగా గురునాయుడికి ఆరు మీద ఆరు పడసాగింది.

"జాలిపడి గెలిపిస్తన్నావేటి? నా పందెం నేను చూసుకోనేనప్పుడు ఈ ఆట నాకొద్దు," అని అతను ఆట మానేశాడు.

దాంతో సన్యాసి నడుం కట్టాడు. చెక్కపలక మీద గళ్ల గీతల వెంట గోనె పురికొస అంటించాడు. తన కాయల నెత్తిన గాటు పెట్టి, బావ కాయలను నున్నగా ఉంచాడు. వేలితో తడిమి లెక్కపెట్టుకోవచ్చని నాకు చుక్కలకు బదులు చెప్పుల మేకులు దిగ్గొట్టాడు. గురునాయుడు నన్ను తడిమి, "ఇది మూడు. ఇది అయిదు. ఇంక నువ్వు నోరు మూసుకోరా," అన్నాడు. ఆ పూట ఆ ఇంట్లో నా అంత గొప్పవాడు లేడు.

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది, సన్యాసికే కాలేదు. ఆరు మేకులున్న వైపు బరువు. అది కిందికి పోయి, దాని ఎదుటనున్న ఒకటి పైకి వస్తుంది. లూడోలో ఆరు పడితేగాని కాయ ఇల్లు దాటదు. గాలిలో ఉన్నంతసేపూ ఆరు, ఆరు అనుకుంటాను. పలక తగలగానే ఒకటి. మనుషులు తలరాత అంటారే, నాకది చెప్పుల మేకు.

"పోనీ, ఒకటి పడినా కాయ దించుకుందాం బావా," అన్నాడు సన్యాసి.

"నా కోసం ఆట మార్చకు."

ఒకరోజు నేను గురునాయుడి పిడికిట్లో ఉండగా అతని భార్య పారమ్మ తన తమ్ముడు సన్యాసి ముందు ఉల్లిపకోడీలు పెట్టింది. డాక్టరు నూనె వద్దన్నాడని మొగుడికి పెట్టలేదు. సన్యాసి తింటుండగా గురునాయుడు నన్ను విసిరాడు. ఒకటి. అతని వేళ్లు వెతుక్కుంటూ వచ్చేలోగా సన్యాసి నన్ను మెల్లగా తిప్పేశాడు. వద్దనడానికి నాకు నోరేదీ?

గురునాయుడు ఆరు మేకులూ లెక్కపెట్టాడు. అతని ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. కాయను బయటికి తీసి, మళ్లీ వేయడానికి నన్ను పిడికిట పట్టి, అలవాటుగా ఊదడానికి నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఊదలేదు. వాసన చూశాడు.

"పకోడీలు బాగున్నాయేట్రా, సన్యాసీ?"

సన్యాసి నూనె వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు. గురునాయుడు ఆ కాయను తడుముకుని మళ్లీ ఇంట్లో పెట్టేశాడు. "కట్టీరా ఆట," అన్నాడు.

సన్యాసి ఇప్పటికీ రోజూ వస్తాడు. ఇద్దరూ రేడియో వింటారు. నేను పారమ్మ గుండీల డబ్బాలో ఉన్నాను. నా తప్పు లేదని తెలుసు, అయినా ఏడుపొస్తుంది.

మొన్న ఆవిడ చొక్కా గుండీ కోసం డబ్బా కుదిపింది. గుండీల మధ్య ఇరుక్కుని ఆరు పైకి వచ్చి ఆగాను. గుండీ దొరికింది, మూత పెట్టేసింది.